పన్నీరు రోజా, అడవి రోజా, నా కత్తెర

పన్నీరు రోజాకూ అడవి రోజాకూ తేడా ఏమిటని ఇప్పుడు ఎవరైనా అడిగితే గంటసేపు నిలబెట్టి చెప్పగలను. అడగకపోయినా చెబుతాను; మా ఇంట్లోవాళ్ళు పారిపోతున్నారు. తెలియాల్సిన రోజున మాత్రం తెలియలేదు. ఆ తెలియకపోవడం కూడా మామూలుగా జరగలేదు. బేరమాడి, కొసరు అడిగి, దబాయించి, చివరికి నా కత్తెరతో నేనే సాధించుకున్నాను. ఇంకొకరు చేసి ఉంటే తిట్టేసి మరిచిపోయేదాన్ని. నేనే చేసుకున్నది కాబట్టి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా నాయనకు చిత్తూరు బజారులో బీడా అంగడి. చుట్టూ అన్నీ అంగళ్ళే: ఒక పక్క బెల్లం, ఒక పక్క గాజులు, ఎదురుగా పాత్రలు. బడి నుంచి వచ్చి తమలపాకుల కట్ట ముందు కూర్చునేదాన్ని. నున్నగా, మచ్చ లేకుండా, నిగనిగలాడే ఆకు ముందు గంపలోకి. ముడత పడ్డది, గరుకుగా ఉన్నది వెనక గంపలోకి. అక్షరాలు దిద్దడం కన్నా బాగా నాకు వచ్చిన విద్య అది. ఆ కన్నుతోనే తర్వాత చీరలు కొన్నాను, వంకాయలు కొన్నాను, తిరుపతిలో ఇల్లు కూడా కొన్నాను. నున్నగా ఉన్నది మంచిది, గరుకుగా ఉన్నది నాసి. అంగడి బిడ్డకు ఇంతకు మించిన వేదాంతం అక్కర్లేదనుకున్నాను.

నాయన పోయాక ఆ అంగడి మా అన్న చేతికి రావాల్సింది. కానీ మా అన్న కట్టిన బీడా నోటి దాకా వెళ్ళేలోపు విచ్చుకుంటుంది. అందుకని వదిన కూర్చుంది. ఇప్పుడు ఆ ఇల్లు నడిచేది అంగడి మీద, అంగడి నడిచేది గుల్కందు మీద. రోజా రెక్కలూ కలకండా పొరలు పొరలుగా సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి, మిద్దె మీద ఎండలో నెలరోజులు పెడితే వచ్చే పాకం అది. డబ్బాల్లో వచ్చే గుల్కందు ఊరంతా దొరుకుతుంది. మా అంగడికి వచ్చేవాళ్ళు మాత్రం "ఇంటిది వెయ్యక్కా" అని అడిగి వేయించుకుంటారు. ఆ ఇంటిది పెరట్లో మా అమ్మ నాటిన పన్నీరు రోజా చెట్టు నుంచి వచ్చేది. నులకమంచమంత వెడల్పున పరుచుకుని, మేకను కూడా దగ్గరికి రానివ్వని చెట్టు. పూలు చూడడానికి ఏమంత గొప్పగా ఉండవు. నలిగిన గుడ్డలాగా విచ్చుకుంటాయి, ఎండెక్కితే రెక్కలు రాలిపోతాయి. కానీ తెల్లవారి పెరటి తలుపు తీస్తే ఆ వాసన వంటింటి దాకా వచ్చేది.

పూలంగట్లో పన్నీరు రోజాలు గంపలు గంపలుగా వస్తాయి కదా అంటారు. వస్తాయి, మందు కొట్టినవి. దేవుడి మెడలో వేయొచ్చు, మనిషి నోట్లో వేయలేం. ఒకసారి వదిన ఎక్కడినుంచో కొత్త మొక్క తెచ్చి నాటింది. పువ్వు అరచేయంత పూసింది. వాసన చూస్తే పచ్చి నీళ్ళు. ఆ రోజు నుంచి వదినకు అమ్మ చెట్టు తప్ప ఇంకొక చెట్టు మీద నమ్మకం లేదు.

నాకూ ఒక కొమ్మ కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నాను. తిరుపతిలో మా మిద్దె మీద నాలుగుసార్లు నాటాను, నాలుగుసార్లూ కుళ్ళింది. మరీ ఇంత ప్రేమగా నీళ్ళు పోయకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. ఐదోసారి కొమ్మను తడిగుడ్డలో చుట్టుకుని వడమాలపేట దగ్గర రోడ్డు పక్కనున్న నర్సరీకి పోయాను. అక్కడ ఒకాయన అంటు కడతాడు. అడుగున అడవి రోజా మొక్క ఉంటుంది. వేరు బలం దానిది. దాని కాండం మీద చిన్న గాటు పెట్టి, మన కొమ్మ నుంచి ఒక కన్ను, అంటే చిగురు పుట్టే బుడిపె, తీసి, అందులో దూర్చి దారం చుడతాడు. అతుక్కుంటే పైన పన్నీరు, కింద అడవి. రెండూ రోజాలే, అన్నదమ్ముల బిడ్డలు.

"మూడు కడతాను మా," అన్నాడాయన. "ఒకటి పోయినా రెండుంటాయి."

"మూడెందుకప్పా, ఒకటి కట్టు. మూడు కడితే నీకు మూడింటి మీదా శ్రద్ధ ఉండదు."

"శ్రద్ధదేముంది మా, కన్ను అతకల్ల గదా. అది నా చేతిలో లేదు."

"నీ చేతిలో లేనిదానికి నన్ను మూడింతలు ఎందుకు అడగతా ఉండావు?"

ఆయన నవ్వి ఒకటే కట్టాడు. నెలన్నర తర్వాత మొక్క తీసుకోవడానికి పోయినప్పుడు కన్ను అతుక్కుని, చిన్న మొలక వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మా బజారులో కొసరు లేకుండా బేరం ముగిసినట్టు కాదు.

"కొసరు ఏమిస్తావు?"

"ఒక్క మొక్కకు కొసరా?"

"ఆ మిగిలిన రెండూ నీకే మిగిలిపోయినాయి గదా, వాటి కింద ఇయ్యి."

"కట్టని మొక్కలకు కొసరు అడిగినోళ్ళను నేను ఇంతవరకు సూడలేదు మా," అంటూ ఒక సంచిలో వానపాముల ఎరువు నింపిచ్చాడు. ఇస్తూ ఏదో చెప్పాడు: ఎర్రదారం కట్టు కనపడేటట్టు నాటమన్నాడు, కట్టు పైనుంచి వచ్చిందే నీది, కింద నుంచి వచ్చింది తుంచెయ్యమన్నాడు. నేను సంచి ఎత్తి బరువు చూస్తున్నాను. తలూపాను.

ఇంటికి వచ్చి మొక్కను పెద్ద కుండీలోకి మార్చాను. ఊరికే వచ్చిన ఎరువు కదా, ఒక్క పిడికెడు కూడా మిగల్చకుండా కుండీ అంచు దాకా పోశాను. ఎర్రదారం ఎక్కడో అడుగున పూడిపోయింది.

వానలు తగ్గే వేళకు ఎరువులోంచి రెండు కొమ్మలు పైకి వచ్చాయి. ఒకటి ఆకుపచ్చగా, నున్నగా, దాదాపు ముళ్ళు లేకుండా, రోజూ చూస్తుండగానే పెరుగుతోంది. రెండోది కురచగా, బూడిద రంగు ఆకులతో, ఒళ్ళంతా ముళ్ళూ నూగూ కలిపి, ముట్టుకుంటే చెయ్యి గీరేది. ఏది పన్నీరు, ఏది అడవి? ముందు గంప, వెనక గంప. నాకు రెండు క్షణాలు కూడా పట్టలేదు.

అయినా అంత గుడ్డిగా చేయలేదు, విచారించాను. ఫోనులో ఒక వీడియోలో ఒకాయన చెప్పాడు: ఒక్కో కాడకు ఏడేసి చిన్న ఆకులుంటే అడవిది, ఐదేసి ఉంటే మంచి రోజా. మిద్దె మీద కూర్చుని లెక్కపెట్టాను. నున్నటిదానికి కింద ఏడు, కొన్నిటికి తొమ్మిది. కొసన లేత ఆకులకు మాత్రం ఐదు. ముళ్ళదానికి అన్నీ ఐదే, ఒక్కచోట ఏడు. లెక్క నాకు ఎదురు తిరుగుతోందని అనిపించగానే, లేత ఆకులే అసలు లెక్క, కిందివి ముదిరి చెడిపోయినవి అని తీర్మానించాను. ముళ్ళదానికి ఆ ఒక్క ఏడు చాలు, దొంగ దొరికింది. ఆకులతో కూడా బేరమాడానన్నమాట. అవి నోరెత్తలేదు కాబట్టి నేనే గెలిచాను.

కత్తెర తెచ్చి ముళ్ళకొమ్మను మొదలంటా కత్తిరించాను. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మళ్ళీ కత్తిరించాను. దాని మొండితనం చూస్తే ఒళ్ళు మండిపోయేది.

ఆ రోజుల్లోనే వదిన ఫోను చేసింది. మాట మామూలుగానే మొదలుపెట్టింది, తర్వాత ఆగింది.

"పాపా, అత్త చెట్టు పోయింది."

నాకు యాభై దాటినా వదినకు నేను పాపనే. "పోవడమేంది?"

"పక్కింట్లో మిద్దె కడతా ఉండారు గదా. సిమెంటు నీళ్ళన్నీ మన పెరట్లోకి ఇడిసిపెట్టినారు. నేను అంగట్లో ఉండాను, సూసుకోలేదు. ఆకంతా రాలిపాయ. కొమ్మ గీకి సూస్తే లోపల కూడా ఎండిపోయుండాది. పోయిన ఏటి సీసా అడుగున ఇంక నాలుగు గరిటెలుంటాది, అంతే. అది అయిపోతే డబ్బాది వెయ్యల్ల. డబ్బాదైతే వాళ్ళు మన అంగడికే ఎందుకు రావల్ల?" గొంతు తగ్గించింది. "నీ కాడ ఉండేది బాగుండాదా?"

"నాదా? బ్రహ్మాండంగా ఉండాది వదినా! ఆ కొమ్మ సూస్తే నువ్వు నమ్మవు."

నిజంగానే నమ్మలేదు. ఫొటో పంపితే అయిదు నిమిషాలకు తిరిగి చేసింది.

"ఇదేంది పాపా, ఇంత నున్నగా ఉండాది? అత్త చెట్టు మీద చెయ్యేస్తే రక్తం రాకుండా ఉండేదే కాదు."

"నర్సరీలో కట్టిన సరుకు వదినా. మెరుగైంది."

"ముల్లు ఎట్ల మెరుగయితాది?"

"అడుగు వేరు వేరే గదా, అందుకని." ఆ వివరణ అప్పటికప్పుడు పుట్టింది. అంగడిలో గిరాకీ సందేహపడితే మాట ఆపకూడదు, ఆపితే చెయ్యి జారిపోతుంది. నేను ఆపలేదు. వదినే ఆపింది. ఆమె నాతో వాదించి గెలిచిన రోజు లేదు. అందుకే ఊరుకుందిగాని, ఒప్పుకుని కాదు. ఆ సాయంత్రం మూడోసారి వచ్చిన ముళ్ళకొమ్మను పైన రెండువేళ్ళ మట్టి తీసి మరీ కత్తిరించాను. ఇప్పుడు ప్రపంచంలో అమ్మ చెట్టు అంటూ మిగిలింది ఇదొక్కటే కదా, అడవి కొమ్మ దాని బలం తాగేస్తే ఎట్లా అని.

చలి తగ్గుతుండగా నున్నటి కొమ్మల కొసన మొగ్గలు వచ్చాయి, గుత్తులు గుత్తులుగా. వదినకు కబురు పెట్టాను. ఆదివారం అంగడి మూసి, చిత్తూరులో బస్సెక్కి, ఒళ్ళో కలకండ పొట్లం, సంచిలో కడిగి ఆరబెట్టిన గాజుసీసా పెట్టుకుని వచ్చింది. ఇద్దరం మిద్దె ఎక్కాం.

పూలు విచ్చుకుని ఉన్నాయి. తెల్లటివి, రూపాయి బిళ్ళంతవి, ఒక్కోదానికి ఐదే రెక్కలు, మధ్యలో పసుపుపచ్చ కేసరాలు. ఒక గుత్తికి ముప్పై నలభై. పన్నీరు రోజాకు రెక్కలు లెక్కపెట్టలేం, దగ్గర దగ్గరగా నలిగి ఉంటాయి, రంగు గులాబీ. చిన్నపిల్లను అడిగినా చెబుతుంది ఇది వేరని. వదిన ఒక గుత్తిని దగ్గరికి వంచి వాసన చూసింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. సీసా ఉన్న సంచిని గోడవారన పెట్టి, కుర్చీలో కూర్చుంది.

"పసరు వాసన," అంది. అంతే.

నాకు కోపం ముంచుకొచ్చింది, నర్సరీ ఆయన మీద. కన్ను మార్చేశాడు, అమ్మ కొమ్మ తనే ఉంచుకుని నాకు పనికిరానిది అంటగట్టాడు. "పద వదినా, వాణ్ణి ఈరోజు ఇడిసిపెట్టేది లేదు," అని కుండీని ఆటోలో ఎక్కించాను. దారంతా ఏం తిట్టాలో కూర్చుకుంటున్నాను. వదిన కుండీ తూలకుండా పట్టుకుని కూర్చుంది.

నర్సరీలో నేను చెప్పిందంతా ఆయన విన్నాడు. కేకలు ఆగాక కుండీ ముందు గొంతుక్కూర్చుని ఒక ఆకు తుంచాడు.

"ఈ ఆకు కాడ మొదలు సూడండి మా. రెండు పక్కలా రెక్క మాదిరి ఉండాదే, దాని అంచు సూడండి."

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. దువ్వెన పళ్ళలాగా సన్నగా చీలి ఉంది. ఆయన లేచి వెళ్ళి తన మడిలోంచి ఒక పన్నీరు రోజా ఆకు తెచ్చి పక్కన పెట్టాడు. దాని కాడ మొదట్లోనూ అదే రెక్క, అంచు మాత్రం సాఫుగా ఉంది.

"అంతేనా?" అన్నాను.

"అంతే మా. ముళ్ళను నమ్మేదానికి లేదు. ఆకులు ఐదైనా ఉంటాయి, ఏడైనా ఉంటాయి. ఎరువు జాస్తి పోస్తే నిగనిగ వస్తాది. ఈ రెక్క మటుకు మారదు."

వేలిగోరంత కూడా లేని ఆ రెక్క తెలియక నేను నాలుగు నెలలు కత్తెర ఆడించానా! "ఇది ముందే సెప్పొచ్చు గదప్పా?"

"కట్టు పైనుంచి వచ్చిందే మీదని సెప్పినాను గదా. మీరు సంచి బరువు సూస్తా ఉంటిరి." కుండీ అంచు దాకా ఉన్న ఎరువును చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో, నా ఎరువంతా పోసి కట్టునే పూడ్చేసినారా! అడవిదానికి పండగే ఇంక. ఆ, ఇంకో కొమ్మ వచ్చుండల్లే, ముళ్ళది. అదేమాయ?"

నేను కుండీ వైపు చూశాను. వదిన నా వైపు చూసింది.

"కత్తిరించినావా?" అంది.

"మూడుసార్లు," అన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు.

వదిన పోయి ఆయన పక్కన నేల మీద కూర్చుని, "బతుకుతాదాప్పా?" అని అడిగింది. ఆయన రెండు చేతులతో ఎరువు తోడాడు. ఎర్రదారం బయటపడింది, రంగు వెలిసి. దాని పైన నేను కోసిన మూడు గాట్లు ఒకదాని పక్కన ఒకటి, నల్లబడిన మోడు. ఆయన గోరుతో పొట్టు తొలగించి, వంగి, చాలాసేపు చూశాడు. మోడు పక్కన రాగిగింజంత ఎర్రటి చుక్క ఉంది.

"ఒక కన్ను మిగిలుండాది. ఇది లేవల్లంటే పైనున్న అడవిదంతా తీసెయ్యల్ల. పూలూ ఆకులూ అన్నీ. అప్పుడుగాని వేరు దీని పక్కకు తిరగదు."

"అంతా తీస్తే, ఇది లేవకపోతే?" అన్నాను.

"లేవకపోతే లేదు."

"సగం తీసి సగం పెడతాం. ఇంత పెరిగిందాన్ని ఒక్కసారిగా ఎట్ల..."

"సగం పెడితే ఆ సగమే మల్ల అంతా తాగేస్తాది మా."

"సరే, ఒక్క కొమ్మ. ఆకు అంటూ ఒకటి ఉండల్ల గదా. కిందిదొక్కటి పెట్టు, నీ మాటా వద్దు, నా మాటా వద్దు."

"పాపా," అంది వదిన. "నువ్వింక మాట్లాడొద్దు."

ఆయన చేతిలోంచి కత్తెర తీసుకుని తనే కత్తిరించింది. మనిషెత్తు కొమ్మలు, గుత్తుల పూలు, నెలల తరబడి నేను ఫొటోలు తీసి అందరికీ పంపుకున్న సంబరం అంతా అయిదు నిమిషాల్లో మా కాళ్ళ దగ్గర కుప్ప పడింది. కుండీలో నల్లటి మోడు మిగిలింది. అప్పటికి కూడా, పాడు బుద్ధి, ఆ కుప్పలో రెండు కొమ్మలు పూలజాడీకి పనికొస్తాయేమోనని ఏరబోయాను. వదిన చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"కుండీ ఈడనే పెట్టుకోప్పా," అంది ఆయనతో. "మా ఇంటికీ వద్దు, ఈమె ఇంటికీ వద్దు."

ఆ తర్వాత రెండు నెలలు నా ఒళ్ళు నాకు బరువైంది. నర్సరీ ఆయనకు ఫోను చేస్తే, "ఏం మా, నిన్ననే గదా చేసినారు, చెట్టు రాత్రికి రాత్రి పెరగతాదా" అనేవాడు. వదిన నాకు ఫోను చేయడం తగ్గించింది. ఎప్పుడో ఒకసారి నేనే చేసి అంగడి సంగతి అడిగితే, సీసా ఖాళీ అయిందనీ, డబ్బాది వేస్తున్నాననీ, ఒక పెద్దాయన రోజూ వచ్చేవాడు బీడా సగం నమిలి ఉమ్మేసి, తర్వాత రావడం మానేశాడనీ చెప్పింది. తిట్టి ఉంటే సమాధానం చెప్పుకునేదాన్ని.

రాగిగింజ లేచింది. ఎండాకాలం మధ్యలో ముళ్ళతో, నూగుతో, బూడిద రంగు ఆకులతో జానెడు కొమ్మ వచ్చింది. వానల తర్వాత వదిన వచ్చి, దాని కన్నులతో ఐదు మొక్కలకు అంటు కట్టించింది. ఆయన మూడన్నాడు, ఆమె ఐదంది. ఇద్దరి మధ్యా బేరమే జరగలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, పిలవకపోయినా వచ్చాను. మూడు అతుక్కున్నాయి. రెండు చిత్తూరు పోయాయి, పెరట్లోకి కాదు, మిద్దె మీదికి, పక్కింటి నీళ్ళు అందని చోటికి. మొన్న చలికాలంలో అవి పూశాయి. దోసెడు రెక్కలు వచ్చాయట, సీసాకు పావు వంతు. ఆ పావు సీసా గుల్కందు ఎవరికీ వేయకుండా వదిన దాచిపెట్టుకుంది. ఆ పెద్దాయన ఆ దారిన పోతే పిలిచి ఒక బీడా కట్టిస్తానంటోంది.

మూడో మొక్క నాకు ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. నర్సరీలోనే ఉంచింది.

"నా కాడ ఉంటే ఏమయితాది వదినా? ఇప్పుడు నాకు ఆకు తెలుసు గదా."

"తెలిసిందిలే. ఆయన కాడుంటే అది బతుకుతాది."

"ఒక్క కొమ్మ. కొసరు అనుకో."

"నీ కొసరుతోనే గదా ఇంతదూరం వచ్చింది," అని ఫోను పెట్టేసింది.

అందుకని నెలకొకసారి పుత్తూరు బస్సెక్కి వడమాలపేటలో దిగి, మా అమ్మ చెట్టును ఇంకొకరి తోటలో చూసి వస్తున్నాను. ఆకు తిప్పి కాడ మొదలు చూస్తాను. అంచు సాఫుగానే ఉంటుంది. కొమ్మ వంచినప్పుడు ముల్లు గుచ్చుకుంటుంది, కుదిరిందిలే అనుకుంటాను. ఆయన దూరం నుంచి నా చేతులనే చూస్తుంటాడు. కిందటిసారి చేతిసంచి కూడా తెరిచి చూపించమన్నాడు.

"కత్తెర లేదప్పా," అన్నాను. "అది పోనీ గాని, దీన్ని నాకు అమ్మరాదా?"

"అమ్మేదానికి లేదు మా. మీ వదిన సెప్పిపోయింది."

"ఆమె ఎంత రేటు సెప్పిందో, దాని మీద ఇంకొంచెం నేను సెప్తా."

"ఆమె రేటేమీ సెప్పలేదు మా. మీకు మటుకు ఇయ్యొద్దని, అంతే," అని నీళ్ళ పైపు పట్టుకుని పక్క వరుసలోకి పోయాడు.